ఈశాన్యానికి పారిన పాలు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. ఫిజిక్స్ చదువుకున్నదాన్ని. ఎవరైనా గాలి, ధూళి అని మొదలుపెడితే అక్కడినుంచి లేచి వెళ్ళిపోయే రకం. ఇప్పటికీ అంతే. అందుకే ఇది రాయడం నాకే ఇష్టం లేదు.

ఎనభైల మొదట్లో అమెరికాలో, ఇర్వింగ్ అనే ఊళ్ళో ఇల్లు కొన్నాం. నేను, మావారు రఘు, ఐదేళ్ళ మా స్వప్న. ఒకే అంతస్తు ఇటుకల ఇల్లు, లోపలంతా కొత్త రంగు వాసన. ఎంత ముచ్చటగా ఉంచారో అని మురిసిపోయాం. అమ్మేముందు అంత హడావిడిగా రంగెందుకు వేశారని అడగాల్సింది.

గృహప్రవేశానికి పురోహితుడు దొరకలేదు. మూర్తి గారని, మాకంటే పదేళ్ళ ముందు అమెరికా వచ్చిన పెద్దాయన ఉండేవారు. వారమంతా ఆఫీసులో రోడ్ల ప్లాన్లు గీసి, శని ఆదివారాలు అందరికీ వాస్తు చెప్పేవారు. ఆయనే చేయించారు. వంటింటి నేల మీద హాట్‌ప్లేట్ పెట్టి పాలు పొంగించాం. పొంగిన పాలు సన్నని ధారగా, నేలకి పరిచిన లినోలియం మీద పారి, స్వప్నకి ఇచ్చిన గది తలుపు దగ్గర ఆగాయి.

"ఈశాన్యం పల్లంగా ఉందమ్మా. ఇలాంటి ఇల్లు వెతికినా దొరకదు," అన్నారు మూర్తి గారు.

అందరం సంతోషించాం. నేల వాలిపోయి ఉందని ఒక్కరికీ తట్టలేదు. రఘు ఇంజనీరు, నా చదువేమో ఫిజిక్స్. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పక్కింటి ముసలావిడ రోజూ సాయంత్రం గొట్టంతో తన గోడల మొదట్లో నీళ్ళు పట్టేది. ఇల్లు మొలకెత్తుతుందేమోనని నవ్వుకునేవాళ్ళం. ఒకరోజు ఆవిడే పిలిచి, ఇక్కడి మట్టి ఎండకి ముడుచుకుపోతుంది, తడపకపోతే పునాది కుంగుతుంది అని చెప్పింది. తలూపి వచ్చేశాం. నేను గుంటూరులో పుట్టినదాన్ని. నల్లరేగడి ఎలా నెర్రెలిస్తుందో చూస్తూ పెరిగాను. అయినా వినలేదు.

ఆగస్టుకల్లా గోడకీ నేలకీ మధ్య చెయ్యి పట్టేంత సందు వచ్చింది. బయట ఇటుకల మధ్య మెట్లు మెట్లుగా చీలిక. లోపల కిటికీ మూల రంగు చిట్లి, కింద దాగిన పాత పగులు బయటపడింది. అమ్మినవాళ్ళు పూసి కప్పెట్టారన్నమాట. వాళ్ళని నేను తిట్టని తిట్టు లేదు.

తలుపుల్లో స్వప్న గది తలుపు ఒక్కటే పట్టేసేది, అదీ పిల్ల లోపలున్నప్పుడే. ఆ ఇంటి మీద నాకు కసి పుట్టింది. దానికీ మా మీద కసే అనిపించేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ తలుపు అసలు రాలేదు. లోపల పిల్ల ఏడుపు. రఘు భుజంతో ఎంత గుద్దినా కదల్లేదు. చివరికి బయటినుంచి కిటికీ అద్దం పగలగొట్టి పిల్లని లాగాడు. తలుపెందుకు వేసుకున్నావని నేను కోప్పడ్డాను.

"నేను క్లోజ్ చెయ్యలేదు మమ్మీ. లోపల ఎవరో పట్టుకున్నారు."

ఆ రోజునుంచి దాన్ని మా గదిలోనే పడుకోబెట్టుకున్నాను.

పునాదులు బాగుచేసే అతన్ని పిలిపించాం. ఈశాన్య మూల కుంగింది, తలుపు చట్రం వంకరపోయింది, అందుకే పట్టేసింది అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. వాళ్ళు నేల తవ్వి, కింద కాంక్రీటు దిమ్మెలు దింపి, జాకీలతో ఆ మూలని పైకెత్తారు. నేల చదును చూసే రసమట్టం పెట్టి చూపించారు. నేనూ ఒకటి కొనుక్కుని ఇల్లంతా చూసుకున్నాను. ఎక్కడ పెట్టినా బుడగ మధ్యలోనే.

మూల కదిలించారు కాబట్టి మళ్ళీ పాలు పొంగించాలన్నారు మూర్తి గారు. భక్తితో కాదు, నేల చదునైందని నా కళ్ళతో చూసుకోవాలని ఒప్పుకున్నాను. హాట్‌ప్లేట్ పక్కనే రసమట్టం పెట్టాను. పట్టపగలు, పదకొండు గంటలు. స్వప్న నా చంకలో ఉంది.

పాలు పొంగి, నేల మీద కాసేపు మడుగులా నిలిచాయి. తర్వాత అదే సన్నని ధార, అదే దారి, అదే తలుపు. బుడగ మధ్యలోంచి కదల్లేదు. మూర్తి గారు ఈసారి ఈశాన్యం మాట ఎత్తలేదు.

అప్పుడు ఆ గది లోపలినుంచి ఎవరో తలుపు తట్టారు. చిన్న చేత్తో, మెల్లిగా, మూడుసార్లు. నలుగురమూ విన్నాం. స్వప్న నా మెడ గట్టిగా పట్టుకుంది.

రఘు వెళ్ళి వేలితో తోస్తే తలుపు తెరుచుకుంది. గది ఖాళీ. పాలు తలుపు కిందికి పోవడం నేను చూశాను. లోపల ఒక్క చుక్క లేదు.

రెండు నెలల్లో అమ్మేశాం. పునాది బాగుచేయించిన కాగితాలన్నీ కొన్నవాళ్ళకి చూపించాం. ఏదీ దాచలేదని రఘు అంటాడు. మిగతాది ఏమని చెప్పాలి? గోడలకి మళ్ళీ రంగు వేయించాం. అమ్మినవాళ్ళని తిట్టడం ఆ రోజే మానేశాను.

కొన్నవాళ్ళకీ ఒక పాప ఉంది. ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు గదులన్నీ తిరిగి, ఆ తలుపు దగ్గర ఆగి నా ముఖంలోకి చూసింది. వెలుతురు బాగా వస్తుంది, వెళ్ళి చూడు అన్నాను.

కర్ర బిగుసుకుంటే చప్పుడొస్తుందని, రసమట్టానికి అందని పల్లమేదో ఉండి ఉంటుందని ఇన్నేళ్ళుగా నాకు నేనే చెప్పుకుంటున్నాను. నమ్మకం కుదరదు. ఆ తలుపు వెనక ఎవరున్నారో నాకు ఈనాటికీ తెలియదు. ఆ పాపని లోపలికి పంపింది మాత్రం నేనే.