అత్తగారు ఒప్పుకోలేదు

ఆ ఆఫీసులో ఆమెను ఎదురుగా ‘అక్కా’ అనీ, వెనకాల ‘చాదస్తం’ అనీ పిలుస్తారు. పదకొండేళ్లుగా ఆమె పని బిల్డు చూసుకోవడం. అంటే, అందరూ రాసిన కోడును రోజుకు పదిసార్లు ఒకచోట చేర్చి, పరీక్షించి, ఆస్పత్రుల్లో బొట్టుబొట్టుగా మందు ఎక్కించే యంత్రంలో పెట్టడానికి సిద్ధం చేయడం. గత నెల ఆ వరసలో ఆమె ఇంకో మెట్టు చేర్చింది: కోడును నడపకుండా, ఊరికే చదివి తప్పులు పట్టే సాధనం. తప్పు కనబడితే తెర ఎర్రబడుతుంది, బిల్డు ఆగిపోతుంది.

గిన్నె మూత తీయకుండానే ఉప్పు ఎక్కువైందని తేల్చేవారు ఎవరో గుర్తొచ్చి కాబోలు, సహోద్యోగులు దానికి ‘అత్తగారు’ అని నామకరణం చేశారు. మొదటిరోజే అత్తగారు రెండువేల మూడువందల వంకలు పెట్టారు.

ఆవిడ నోరు మూయించే ఉపాయమూ ఉంది. తప్పున్న వాక్యం పక్కన ‘ఇది చూడొద్దు’ అని రాస్తే చాలు. వారం తిరక్కుండా కోడు నిండా చూడకూడనివే మిగిలాయి. అప్పుడు అక్క ఒక శాసనం చేసింది: నోరు మూయించేవారు తమ పేరు, కారణం రాయాలి, రాయకపోతే అదీ తప్పే.

సంగతి విని ఇంట్లో అసలు అత్తగారు మురిసిపోయారు. “నా పేరు పెట్టుకుని వెనక్కి తగ్గావో, ఊరుకోను” అన్నారు.

శుక్రవారం ఆస్పత్రులకు కొత్త బిల్డు అప్పగించాలి. అప్పటికి వంకలన్నీ తీరి ఒక్కటే మిగిలింది. పొద్దున్నే దాని దగ్గర తెర ఎర్రబడింది. మేనేజరు పరుగున వచ్చాడు.

“ఏంటమ్మా ఇది?”

“బ్యాటరీ మార్చగానే మోతాదు గడిలో ఏ అంకె ఉంటుందో ఎవరికీ తెలీదు సార్. ముందుగా అందులో ఏ అంకె ఉండాలో కోడులో ఎవరూ రాయలేదు.”

“తొమ్మిదేళ్లుగా నడుస్తున్న కోడది! ఎవరైనా పోయారా?”

“పోయేదాకా ఆగాలని రూలుందా సార్?”

“అసలెవడు రాశాడు?”

ఆమె మర్యాదగా తెరకేసి చూపించింది. రాసింది ఆయనే, ఉద్యోగంలో చేరిన కొత్తలో.

“సరే, ఇవాళ్టికి ఆ అత్తగారిని తీసెయ్. సోమవారం మళ్లీ పెట్టుకుందువుగాని.”

“తీయను సార్.”

“చెప్తున్నది నేను!”

“విన్నాను. తీయను. కావాలంటే ముందు నన్ను తీసేసి, నా స్థానంలో వచ్చేవాళ్లతో తీయించుకోండి. లేదంటే ఇదిగో కుర్చీ. పేరు, కారణం రాసి మీరే నోరు మూయించండి.”

ఆయన కూర్చున్నాడు. పేరు చకచకా పడింది. కారణం దగ్గర ‘సమయం లేదు’ అని కొట్టి చెరిపాడు. ‘ఇంతవరకు ఏమీ కాలేదు’ అని కొట్టి, అదీ చెరిపాడు. హాలంతా పని చేస్తున్నట్టు నటిస్తోంది. చివరికి పేరు కూడా చెరిపేసి, మోతాదు తెలియకపోతే యంత్రం ఆగి గంట కొట్టేలా మూడు వాక్యాలు రాశాడు. బిల్డు నడిచింది.

తెర మళ్లీ ఎర్రబడింది.

“ఇప్పుడేం వచ్చిందట మీ అత్తగారికి?”

“ఆగమన్న వాక్యాన్ని యంత్రం ఎప్పటికీ చేరని చోట రాశారట సార్.” ఆమె ఇంకో కుర్చీ లాక్కుని ఆయన పక్కనే కూర్చుంది. “తీరిగ్గా రాయండి. ఆవిడకేం తొందర లేదు. నాకూ లేదు.”