బుచ్చన్న మాట ముగిసేదాకా

గోదావరిఖనిలో బుచ్చన్న మాట మొదలుపెట్టాడంటే వినేవాడి చాయ్ చల్లారాల్సిందే. ముప్పై ఐదేళ్లు బొగ్గుబాయిలో కప్పును తట్టి, చప్పుడును బట్టి గట్టిదో కాదో తేల్చి, అది కూలకుండా కర్రలు నిలబెట్టిన మనిషి. "ఎల్లేశం బామ్మర్ది..." అని ఎత్తుకుంటాడా, ఆ బామ్మర్ది ఏం చేశాడో వెంటనే చెప్తే ఒట్టు. నడుమ వాన, తప్పిపోయిన మేక, మంచిర్యాల బస్సు, కండక్టరుతో కొట్లాట అన్నీ వచ్చిపోయేవి. ఎవరి సంగతి వింటున్నామో మనకు గుర్తుండేది కాదు. ఆయనకుండేది. మొదట వదిలిన పేరును అంత దూరమూ మోసుకొచ్చి, "...పెండ్లికే పోలె!" అని చివరి మాటకు తగిలించేవాడు. ఎట్లా మోస్తాడో అని కూతురు తిరుమలకు చిన్నప్పటి నుంచీ అబ్బురమే.

పోయిన ఏడాది పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ కాస్త కుదురుకున్నా, నోటికి "నీళ్లు", "బువ్వ" తప్ప రావడం లేదు. రెండు మాటలు కలిపితే అదే పదివేలు అన్నాడు డాక్టరు. నాయన బతికాడు సరే, ఆ మాటల మనిషి మళ్లీ వస్తాడా అని తిరుమలకు ఒకటే దిగులు.

ఓ మధ్యాహ్నం, బాయిలో తోటి పనివాడైన నర్సింగం చూడవచ్చాడు. బుచ్చన్న అతణ్ని చూసి, "సదయ్య..." అన్నాడు.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. బాయిలో వాళ్లతో పనిచేసిన సదయ్య కప్పు కూలి చనిపోయి ఇరవై ఏళ్లు దాటింది. ఆ రోజు పక్కనే ఉన్న బుచ్చన్న, లోకంలో కథలన్నీ చెప్పినవాడు, ఆ ఒక్కటి ఎన్నడూ ఎత్తలేదు.

"నా... యెనుక..."

"యెనుక వస్తుండె, గంతేగదనే?" నర్సింగం అందించబోయాడు.

"ఆగు కాకా," అంది తిరుమల. "బాయిల కర్రతోని కప్పు తట్టి సప్పుడు ఇనేటప్పుడు ఎవ్వరన్న మాట్లాడుతరా?"

నర్సింగం బుచ్చన్న వైపు చెవి ఒగ్గాడు.

"పొద్దుగాల... రొట్టె మర్శిపోయి... నా దాంట్ల సగం తిని... కప్పు ఇరిగే సప్పుడినంగనే... నన్ను ముంగటికి నూకి..."

ఒక్కో మాటకూ బుచ్చన్న నుదుట చెమట పట్టింది. అయినా ఆ నలిగిన నోట్లోంచి సదయ్య పేరు జారిపోలేదు. మిగిలిన మాట తిరుమలకు తెలుసు. సచ్చిపోయిండు. అదొక్కటీ అనేస్తే నాయన బరువు దిగుతుందని ఎదురుచూస్తూ కూర్చుంది.

బుచ్చన్న తలెత్తాడు.

"...నన్ను జూసి నవ్విండు," అన్నాడు.