తెర పట్టినవాడు

మా గొర్ల మంద మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. ఆ మంద అమ్మేసి చాలా ఏళ్లయింది కదా అనకండి. మంద పోయినా ఒట్టు ఒట్టే.

చైనా లడాయి అయిన మరుసటేడు సిపాయిగా పోయిన మా అన్న, అంటే మా పెద్దమ్మ కొడుకు, మంచుకొండల నుంచి అచ్చంపేట పక్కనున్న మా ఊరికి తిరిగొచ్చాడు. మనిషి వచ్చాడు గానీ మాట రాలేదు. పెట్టింది తినేవాడు, కూర్చోమంటే కూర్చునేవాడు, అంతే. కొడుకు ఒక్కసారి 'అమ్మా' అని పిలిస్తే చాలనేది పెద్దమ్మ. ఆ పిలుపు కోసం ఆమె ఎక్కని దవాఖాన మెట్లు లేవు, కట్టించని తాయెత్తు లేదు.

ఆ ఎండాకాలం మేమొక భాగోతం కట్టాం. లడాయిలో చచ్చిన సిపాయిలు దయ్యాలై వచ్చి రాజును నిలదీసే ఆట. మందలు మేతకు పోయాక, ఖాళీ దొడ్డిలో మధ్యాహ్నాలు నేర్చుకునేవాళ్లం. మొదటి దయ్యం నేను. భాగోతంలో ఏ వేషమైనా ముందు తెర వెనక నిలబడాలి. హాస్యగాడు వచ్చి 'ఎవరు నువ్వు, ఏ ఊరు' అని ఆ వేషాన్ని అడగాలి. జవాబు చెప్పాకే తెర దిగుతుంది. ఆ తెర ఒక కొన పట్టుకోవడానికి మా అన్నను నిలబెట్టాం. కదలకుండా నిలబడటంలో ఆయన్ను మించినవాడు జిల్లాలో లేడు.

హాస్యగాడు గొర్ల బొచ్చు కత్తిరించే మా మామ.

"ఎవనివిరా నువ్వు? ఏ ఊరు?" అని అడిగాడు నన్ను.

నాకు మాట మరుపొచ్చింది.

"ఏందిరా అల్లుడా, సచ్చినంక పేరు గూడ మర్చిపోయినవా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వుల మధ్య తెర కొన దగ్గర నుంచి ఒక గొంతు వినిపించింది.

"నాది పంజాబు దిక్కు. ఇంట్ల ముసలి నాయిన ఉన్నడు. బూట్లు తడిసినయ్. ఇప్పుకోనియ్యలె."

మా అన్న. చూపు ఎటో ఉంది. నవ్వులు ఆగిపోయాయి. దొడ్డిలో ఈగలు కూడా వాలిన చోటు నుంచి లేవలేదు.

మామ ఆట ఆపలేదు. నన్ను మెల్లగా పక్కకు జరిపి, తెర వెనక ఎవరూ లేని జాగాకు దండం పెట్టాడు.

"మంచిది బిడ్డా, పోయి రా. ఇంకెవరున్నరు?"

"నాది మద్రాసు దిక్కు. పాటలు పాడేటోన్ని."

"పోయి రా బిడ్డా. ఇంకెవరు?"

"నా ఊరు ఈ తెర పట్టినోనికి తెల్వది. ఒక్క దినం ముందు వచ్చిన. పేరడిగే లోపల్నే పోయిన."

అలా ఏడుగురు వచ్చారు. గొంతు ఒక్కటే, మనుషులు ఏడుగురు. కథలు చెప్పి లేని దయ్యాలను వందల కొద్దీ పుట్టించినవాణ్ని నేను, నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

చివరికి మామ అడిగాడు: "తెర పట్టినోడా, మరి నువ్వెవరు?"

అన్న తెర కొనను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. "నేనింకా రాలే మామా. తొవ్వల ఉన్న."

దొడ్డి వాకిట్లో మజ్జిగ కుండతో పెద్దమ్మ నిలబడి ఉంది. "నిమ్మళంగ రా కొడుకా. నేనీడనే ఉంట," అంది.

అన్న తెర వదిలి, ఆమె వైపు తిరిగి, "అమ్మా" అన్నాడు.

ఆ ఒక్క పిలుపు నేను కల్పించాను. ఆయన పెదవులు కదిలాయి గానీ గొంతు రాలేదు. పెద్దమ్మ నావైపు తిరిగింది.

"పిలిచిండు గదరా?"

"పిలిచిండు పెద్దమ్మా. నా చెవులార విన్న."