పాలసొరలతో అత్తారింటికి

ఆ రోజుల్లో బిడ్డ పుట్టిన ఇంట్లో అందరికీ పని ఉండేది, ఒక్క బిడ్డ తండ్రికి తప్ప. పురుడు పుట్టింట్లో పోసేవాళ్ళు కాబట్టి అతగాడు శనివారం సాయంత్రం రైలు దిగి, వసారాలో కుర్చీలో కూర్చుని, ఇచ్చిన కాఫీ తాగి, ఎత్తుకోమంటే బిడ్డని భయంభయంగా ఎత్తుకుని, ఏడవగానే తిరిగి ఇచ్చేసి, ఆదివారం రాత్రి బండెక్కి పోవడమే. చుట్టాలు వచ్చి బిడ్డ ముక్కు ఎవరిదో చెవులు ఎవరివో పంచుకుంటుంటే ఆ వాటాల్లో కూడా తండ్రికి దక్కేది తక్కువ. ఇప్పటి కుర్రాళ్ళు కాన్పు గదిలోకి కూడా వెళ్ళి భార్య చెయ్యి పట్టుకుంటున్నారట. మంచిదే. మాకు ఆ భాగ్యం లేకపోబట్టి, మేమూ ఏదో ఒకటి చెయ్యాలన్న ఆరాటం లోపల పేరుకుపోయి, చివరికి ఎక్కడో ఒకచోట తేలేది. నా విషయంలో అది నిజాంపట్నం దగ్గర నడి సముద్రంలో తేలింది.

ఎనభైల చివర్లో నేను రేపల్లెలో ఒక ఆఫీసులో గుమాస్తాని. మా అత్తగారి ఊరు తెనాలి. మా పెద్దమ్మాయి అక్కడే పుట్టింది. పుట్టడం బాగానే పుట్టింది కానీ తల్లికి పాలు పడలేదు. పిల్ల ఆకలికి ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. మా అత్తగారు వెల్లుల్లి కారం పెట్టారు, బాలింత కాయం మందు పెట్టారు, ప్రార్థన చేయించారు. డాక్టరమ్మ మాత్రం తాపీగా, కంగారు పడకండి, ఇంకో రెండ్రోజులు చూసి పాలడబ్బా మొదలుపెడదాం అంది. ఆ మాట మా అత్తగారి చెవిలో శాపంలా పడింది. "ముగ్గురు బిడ్డల్ని పెంచానండి. డబ్బా మూత తీసిన పాపాన పోలేదు" అన్నారు నాతో, తప్పు నాదైనట్టు. ఇదంతా వింటూ మా ఆవిడ, చెవుల్లో దూది, తలకి గుడ్డ కట్టుకుని, మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేది. పిల్ల ఏడుపు ఆగినప్పుడల్లా ఈమె ఏడుపు వినపడేది. బిడ్డకి పాలు ఇవ్వలేని తల్లినయ్యానని ఆ పాతికేళ్ళ పిల్ల అనుకుంటోంటే, నేను పక్కన కూర్చుని విసనకర్ర విసురుతుండేవాణ్ణి.

ఆ ఆదివారం చర్చి నించి వచ్చాక అత్తగారు చీర కొంగు సర్దుకుంటూ ఎవరితోనూ కాకుండా అన్నారు. "పాలసొర తినిపిస్తే పడతాయి. మా మేనత్తకి అట్టాగే పడ్డాయి. తెనాల్లో అది ఎక్కడ దొరుకుద్ది, అన్నీ చెరువు చేపలేగా." పాలసొర అంటే చిన్న సొరచేప, బాలింతలకి పెడితే పాలు పడతాయని మా వైపు నమ్మకం. ఆ మాట పూర్తవకముందే, "నేను తెస్తానండి" అనేశాను. మా మావగారు బడిపంతులు, చర్చిలో పాటలు పాడించేవారు. ఆయన కళ్ళజోడు మీదుగా చూసి, "సముద్రం సంగతి మీకు అలవాటేనా?" అని అడిగారు. "బాపట్లలో చదువుకున్నానండి" అన్నాను. (అబద్ధం కాదు. సూర్యలంకలో ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని చాలాసార్లు నిలబడ్డాను.)

నిజాంపట్నం వెళ్ళి కొనుక్కొచ్చేద్దామనే నా ఉద్దేశం. తీరా వెళ్తే ఒడ్డున సొర అన్నది లేదు. మా అటెండరు చుట్టం ఒకాయన అక్కడ పడవ నడిపే సరంగు. అందరూ సరంగు మావ అనేవాళ్ళు కాబట్టి నేనూ అదే పిలిచాను. ఆయన నన్ను పైనించి కిందకి చూసి, "రేపు వేటకి పోతన్నాం. వల్లో పడితే మీకే తొలి బుట్ట. కావాలంటే మీరూ రండి బాబూ, బిడ్డ కోసం అంటన్నారుగా" అన్నాడు. రమ్మనడం ఆయన మర్యాద, రానని చెప్పడం నా మర్యాద. ఆ మాత్రం లోకజ్ఞానం ఉంటే ఈ కథే లేదు. ఆఫీసుకి సెలవు చీటీ పంపించి తెల్లవారకముందే పడవెక్కాను.

సముద్రపు వేట గురించి నేను చెప్పగలిగింది తక్కువ, ఎందుకంటే ఎక్కువ భాగం తాళ్ళ చుట్ట మీద బోర్లా పడుకుని ఉన్నాను. కాలువ దాటి అసలు నీళ్ళలోకి వెళ్ళేదాకా నిలబడి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, కన్నతండ్రి బాధ్యత గురించి గంభీరంగా ఆలోచించాను. తర్వాత నిన్న తిన్నదీ మొన్న తిన్నదీ కూడా గుర్తుకొచ్చాయి, వరసగా. కళ్ళు తెరిస్తే ఆకాశం ఒరిగిపోయేది, మూస్తే కడుపు. ఎవరో నా మీద తడి గుడ్డ కప్పారు. ఎప్పటికో సరంగు మావ భుజం తట్టి, "బాబూ, సొరలు పడ్డాయి, చూసుకోండి" అన్నాడు. ఒక కన్ను తెరిచాను. మోచేయంత పొడుగున, బూడిద రంగులో, పిల్లి కళ్ళేసుకుని ఒక చేప నన్నే చూస్తోంది. దాని మొహంలో నాకు కనపడిన భావం జాలి. మళ్ళీ కన్ను మూసుకున్నాను. వాళ్ళే వాటి పొట్టలు తీసి, ఉప్పునీళ్ళతో కడిగి, తాటాకు బుట్టలో ఉప్పు చల్లి సర్దారు. మర్నాడు తెల్లారుజామున ఒడ్డుకి చేరాక సరంగు మావ నన్ను నిలబెట్టి, తోలు ఎలా తీయాలో వివరంగా చెప్పాడు. చెప్పాడన్నది గుర్తుంది, చెప్పింది గుర్తులేదు. నేల ఇంకా నా కింద ఊగుతోంది. ఆయన చెబుతున్నంతసేపూ నేను తల ఊపుతూనే ఉన్నాను, ఆపడం నా వల్ల కాలేదు. అది చూసి నాకు బాగా అర్థమైందని ఆయన అనుకుని ఉంటాడు.

రేపల్లె నించి తెనాలి పాసింజరులో ఆ బుట్ట కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. సొరకి ఒక రకం ఘాటు ఉంటుంది, ముక్కులో సూదిలా దిగుతుంది. పక్కవాళ్ళు తిడతారేమోనని చూశాను. ఎదురుగా ఉన్న పెద్దావిడ బుట్టలోంచి బయటికి పొడుచుకొచ్చిన తోకని చూసి, "ఇంట్లో బాలింత ఉందా నాయనా?" అంది. ఇంకేముంది, పెట్టె మొత్తం మా ఇంటి మనుషులైపోయారు. వెల్లుల్లి దండిగా వెయ్యమని ఒకరు, కారం వద్దు మిరియాలే వెయ్యమని ఒకరు, మొదటి ముద్ద తల్లి చేత్తోనే పెట్టించమని ఒకరు. కూర ఎలా వండాలో, ఎలా తినిపించాలో అందరూ చెప్పారు. తోలు ఎలా తీయాలో ఒక్కరూ చెప్పలేదు, అడుగుదామంటే నాకు నామోషీ. సముద్రానికి పోయి సొరలు పట్టుకొస్తున్న మగవాణ్ణని అప్పటికే వాళ్ళకి చెప్పేసి ఉన్నాను మరి.

ఇంటికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. పిల్ల నిద్రపోతోంది. "ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి పడుకున్నట్టుంది" అన్నారు అత్తగారు దిగులుగా. బాలింత గది గుమ్మంలో నిలబడి బుట్ట పైకెత్తి చూపించాను. మా ఆవిడ మంచం మీద లేచి కూర్చుని ఉంది. ఏదో చెప్పబోయి ఆగి, నన్నే చాలాసేపు చూసి, "వచ్చారా" అంది. ఆ చూపు ఆరాధన అని అర్థం చేసుకుని పెరట్లోకి నడిచాను.

పెరట్లో మా అత్తగారు సొరల్ని పళ్ళెంలో పరిచి, "తోలు ఎట్టా తీస్తారండీ?" అని అడిగారు. పట్టుకొచ్చినవాడికి తెలియకుండా ఉంటుందా. "ఏముందండీ, మన చేపలకి మల్లేనే" అన్నాను. తెనాలిలో మన చేప అంటే కొరమీను. బూడిద పూసి గరుకు రాయి మీద రుద్దితే జిగురూ పొలుసూ పోయి తెల్లగా వస్తుంది, అక్కడ ప్రతి ఇంట్లో పుట్టుకతో వచ్చే విద్య. ఆవిడ పొయ్యిలో బూడిద తెచ్చి, సొరకి పట్టించి, చీర ఎగ్గట్టి కూర్చుని రుద్దడం మొదలుపెట్టారు. సొర తోలు తల నించి తోకకి నిమిరితే పట్టులా ఉంటుంది, ఎదురు నిమిరితే గరుకు కాగితం. ఎంత రుద్దినా దానికి గీత పడలేదు, గరుకు రాయి మాత్రం నున్నబడింది. ఆవిడ అరచెయ్యి గీరుకుపోయింది. మావగారు కొడవలి తెచ్చి గీరబోతే అది జారి చొక్కా చిరిగింది. నేను పట్టకారుతో తోక దగ్గర తోలు పట్టుకుని, మావగారిని తల పట్టుకోమని, ఇద్దరం చెరో వైపు లాగాం. బలమైన చేప. అది ఉన్నట్టుండి మా ఇద్దరి చేతుల్లోంచీ జారి బంతి మొక్కల్లో పడింది. "మనం దాని తోలు తీద్దామనుకుంటే అదే మన తోలు తీస్తంది" అన్నారు మావగారు, చెయ్యి విదిలించుకుంటూ. నాకు నవ్వొచ్చింది కానీ అత్తగారి మొహం చూసి మింగేశాను.

ఆవిడ రాతి పక్కనే కూలబడి, బూడిద చేతులు ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తున్నారు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి చిన్నగా, "నా బిడ్డకి పాలు పడవేమోనండీ. ఏం చేసినా పడట్లేదు. నాకు భయమేస్తంది" అన్నారు. డబ్బా అంటే ఆవిడకి పట్టింపు అని ఇన్నాళ్ళూ విసుక్కున్నాను. అది పట్టింపు కాదు, భయం. ఆ ఒక్క క్షణం నాకు ఏమీ తెలియదని చెప్పేద్దామని నోరు తెరిచాను కూడా. ఇంతలో ఆవిడే కళ్ళు తుడుచుకుని లేచి, ఈ కంపు ముందు కడగాలి, ఇరుగుపొరుగు ఏమనుకుంటారు అంటూ, బాలింత స్నానానికి వావిలాకు వేసి మరిగిస్తున్న కాగులోంచి చెంబుడు నీళ్ళు ముంచి, కోపంగా ఆ రాతి మీదా చేపల మీదా గుమ్మరించారు.

ఆవిరి తగ్గాక చూస్తే సొర ఒంటి మీద బూడిద రంగు పొర ముడతలు పడి ఉంది. మావగారు వేలితో తోశారు. తడిసిన కాగితంలా లేచొచ్చింది, కింద తెల్లటి కండ. "వేణ్ణీళ్ళు పొయ్యాలన్నమాట" అన్నారు అత్తగారు నెమ్మదిగా. "అదేనండీ నేను చెప్పబోయింది" అన్నాను నేను. మావగారు కళ్ళజోడు మీదుగా ఒక్క చూపు చూసి, పెద్దమనిషి కాబట్టి ఏదో కీర్తన కూనిరాగం తీస్తూ తలుపు వైపు తిరిగారు. తర్వాత పని చకచకా సాగింది. మరిగే నీళ్ళు పొయ్యడం, కత్తి వెనక వైపుతో గీరడం, ఇసకలాంటి ఆ గరుకంతా పోయేదాకా కడగడం. ఉత్సాహంలో ఒకదాన్ని వేణ్ణీళ్ళలో ఎక్కువసేపు వదిలేస్తే తోలుతోబాటు కండా ఊడొచ్చింది, దాన్ని పిల్లికి సమర్పించాం. మిగతావాటిని పసుపేసి ఉడకబెట్టి, నడుమనున్న మెత్తటి ఎముక లాగేసి, పొడిపొడిగా చిదిమి, నీళ్ళు పిండి, వెల్లుల్లీ మిరియాలూ వేసి వేయించారు. (ఊడిన తోలు ముక్క ఒకటి మావగారు ఎండబెట్టి దాచుకున్నారు. చాలా ఏళ్ళు దాంతో కుర్చీ చేతులు నునుపు చేసేవారు.)

మా ఆవిడకి నీచు పడదు. అయినా గిన్నె ఒళ్ళో పెట్టుకుని, ముద్ద వెనక ముద్ద, మంచినీళ్ళు తాగుతూ మొత్తం తినేసింది. అత్తగారు మంచం పక్కన, నేను గుమ్మంలో. సాయంత్రం పిల్ల లేచి తల్లి దగ్గర కడుపునిండా తాగి, చొక్కా మీద కక్కుకుని, మళ్ళీ నిద్రపోయింది. అత్తగారు మోకాళ్ళ మీద కూర్చుని దేవుడికి స్తోత్రం చెప్పుకున్నారు, ఆ వెంటనే వీధిలోకి వెళ్ళి నా గురించి చెప్పారు. ఆనాటి నించీ ఆ వీధిలో నా పేరు సొర అల్లుడు. ఎవరింట్లో పురుడొచ్చినా నాకు కబురొచ్చేది. నేనూ తక్కువ తినలేదు. ఆ కథ చెప్పినప్పుడల్లా తాళ్ళ చుట్ట కాస్త కుదించాను, సొరల్ని కాస్త పొడిగించాను. తొంభైల చివరికి అవి నా ఎత్తు వచ్చాయి.

ఈమధ్య ఆ పెద్దమ్మాయికే కాన్పయింది. దానికీ పాలు ఆలస్యం. మేమిప్పుడు బాపట్లలోనే ఉంటున్నాం కాబట్టి పొద్దున్నే సంచి తీసుకుని సూర్యలంక బయల్దేరబోయాను. మా ఆవిడ మెట్ల మీద కాఫీ తాగుతూ, "ఎందుకండీ అంత హడావిడి, రెండ్రోజులాగితే అవే పడతాయి" అంది. సొర మహిమ మరిచిపోయావా అన్నాను. ఆమె గ్లాసు కింద పెట్టింది.

"ఆ రోజు మీరు రాకముందే పడ్డాయండీ. ఓ గంట ముందు, అమ్మ నీళ్ళకెళ్ళినప్పుడు. అందుకే పాప అంతసేపు పడుకుంది."

"మరి చెప్పలేదే?"

"చెప్దామనే లేచి కూర్చున్నా. ఇంతలో మీరొచ్చారు. ముక్కు మీద తోలు ఊడి, జుట్టంతా ఉప్పు కట్టి, ఒక కాలికే చెప్పు. ఆ మొహానికి ఏమని చెప్పమంటారు?" (చెప్పు సంగతి మీకు ఇందాక చెప్పలేదు. పరువన్నది ఒకటుంటుంది కదా.)

"చెప్పకపోతే మానె, అంతా ఎందుకు తిన్నావు?"

"మీరు గుమ్మంలోంచి కదల్లేదుగా" అంది, గ్లాసు తీసుకుని లోపలికి వెళ్తూ.

సంచి పట్టుకుని మెట్ల మీదే కూర్చుండిపోయాను. తనే భార్యాబిడ్డల్ని గట్టెక్కిస్తున్నాననుకుని, ఒంటి చెప్పుతో గుమ్మానికి ఆనుకుని, గర్వంగా చూస్తూ నిలబడ్డ ఆ కుర్రాడు కళ్ళముందు మెదిలాడు. ఎదురుగా ఆమె ఒక్కో ముద్దా వాడి కోసమే మింగుతోంది, వాడికేమో సొరలు తప్ప ఇంకేమీ కనపడటం లేదు. పిచ్చి వెధవ, ఎంత అదృష్టవంతుడో వాడికి తెలియలేదు అనుకుని, నాలో నేనే నవ్వుకున్నాను.