తాలింపుకు కదలని లడ్డు

2023 చలికాలం. న్యూజిలాండ్‌లోని లోవర్ హట్‌లో గాలి ఎప్పటిలాగే గొడుగుల అంతు చూస్తోంది. కుక్కలకు శిక్షణ ఇచ్చే పనిలో నేను అప్పటికి బాగానే కుదురుకున్నాను. బిజినెస్ డిప్లొమా చదవడానికి వరంగల్ నుంచి ఆక్లాండ్ వచ్చి, పార్ట్‌టైమ్‌గా ఒక కెన్నెల్‌లో బోనులు కడగడానికి చేరి, చివరికి ఆ బోనుల్లో ఉన్నవాళ్లతోనే జీవితం ముడిపెట్టుకున్నదాన్ని. "కుక్కలను కాసేటందుకు అంత దూరం పోవాల్నా బిడ్డా?" అని మా అమ్మ ఇప్పటికీ ఫోన్‌లో దెప్పుతుంది. లడ్డు సంగతి చెప్పిన రోజు మాత్రం నోరెళ్లబెట్టి వింది.

మా వృత్తిలో ఓనర్ ట్రైనింగ్ అని ఒక పద్ధతి ఉంది. చూపో వినికిడో తగ్గిన మనిషి, నేర్పి సిద్ధం చేసిన సహాయక కుక్క కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా, తన కుక్కకు తానే నేర్పుకోవడం. పక్కన నాలాంటి ట్రైనర్ ఉండి దారి చూపాలి. ఆఖరున, సర్టిఫికెట్ ఇచ్చే అధికారం ఉన్న సంస్థ నుంచి అసెసర్ వచ్చి పరీక్ష పెడతారు. పాసైతే కుక్కకు జాకెట్ వస్తుంది. ఆ జాకెట్ తొడుక్కున్న కుక్క రైలెక్కొచ్చు, షాపుల్లోకి దర్జాగా నడిచి రావచ్చు.

సునీతక్క నా దగ్గరికి వచ్చింది అందుకే. వాళ్లది గుంటూరు వైపు. ఇక్కడ వృద్ధుల కేర్ హోమ్‌లో నైట్ షిఫ్టులు చేసేది. ఏదో ఇన్‌ఫెక్షన్ సోకి రెండు చెవులూ దెబ్బతిన్నాయి. హియరింగ్ ఎయిడ్స్ పెట్టుకుంటే మాట అందుతుంది, తీసేస్తే పిడుగు పడినా తెలియదు. పొద్దున షిఫ్ట్ దిగి ఇంటికి వచ్చేసరికి, భర్త ప్రభాకరన్న బస్సు నడపడానికి వెళ్లిపోయి ఉంటాడు. ఒకరోజు ఆమె స్టవ్ మీద గుడ్లు పెట్టి మరిచిపోయి పడుకుంది. గిన్నె మాడి, ఇల్లంతా పొగ కమ్మి, స్మోక్ అలారం గగ్గోలు పెడుతుంటే పక్కింటి ముసలాయన కిటికీలోంచి ఎక్కి వచ్చి ఆమెను లేపాడు.

"కళ్లు మూస్తే చాలు, పొగ వచ్చినట్టే ఉంటది తల్లీ," అంది మొదటిసారి కలిసినప్పుడు. "రాత్రంతా ముసలోళ్లను చూసుకోని వచ్చి, పగలంతా కుర్చీలో కూర్చుంటన్నా. మొన్న డ్యూటీలో నిలబడే తూలిపడ్డా. ఇట్టాగైతే ఉద్యోగం మానుకోవడమే."

అంటే ఆమెకు కావలసింది రైలు ప్రయాణమూ కాదు, జాకెట్టూ కాదు. నిద్ర.

లడ్డు వాళ్ల లాబ్రడార్. పేరుకు తగ్గ గుండ్రనివాడు, పరమ తిండిపోతు. తిండిపోతు కుక్కను మించిన వరం ట్రైనర్‌కు ఇంకోటి ఉండదు. చికెన్ ముక్క చూపిస్తే ఎంత పాఠమైనా ఎక్కుతుంది. చెవిటివారికి సాయం చేసే కుక్క పనిని మేము అలర్ట్ అంటాం. శబ్దం వినగానే మనిషి దగ్గరికి పరుగెత్తుకొచ్చి కాలితో తట్టాలి. ఆ మనిషి అరచేయి తిప్పి 'ఏంటి?' అని అడిగితే శబ్దం వచ్చే చోటికి తీసుకెళ్లాలి. స్మోక్ అలారానికి మాత్రం తీసుకెళ్లకూడదు. మంటల్లోకి దారి చూపించినట్టవుతుంది మరి! అప్పుడు తట్టి లేపి, అక్కడికక్కడే నేలకు కరుచుకుని పడుకోవాలి. 'ప్రమాదం, బయటికి పద' అని దానర్థం.

కాలింగ్ బెల్, ఫోన్, ఓవెన్ టైమర్ అన్నీ లడ్డు ఇట్టే పట్టేశాడు. కుక్కర్ విజిల్ కూడా నేర్పాలని సునీతక్క పట్టుబట్టింది. ఏ ట్రైనింగ్ పుస్తకంలోనూ లేని పాఠం అది! వాడు ప్రతి విజిల్‌కూ పరుగెత్తుకొచ్చి మోకాలు తడుతుంటే ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టుకునేది. మొదటిసారి అది చూసి నేను వంటింట్లోనే ఎగిరి గంతేశాను.

స్మోక్ అలారం దగ్గరే బండి ఆగిపోయింది. నా ట్రైనింగ్ హాల్లో అలారం మోగిస్తే బాణంలా వచ్చేవాడు. వాళ్ల ఇంట్లో మోగిస్తే తోక కూడా కదిపేవాడు కాదు. అలారం మార్చి చూశాను. పశువుల డాక్టరుకు వాడి చెవులు చూపించాను. బ్రహ్మాండంగా ఉన్నాయన్నారు. అసెసర్ వచ్చే రోజు ఖరారైపోయింది. మిగతావన్నీ ఎంత బాగా చేసినా స్మోక్ అలారం తప్పితే పరీక్ష తప్పినట్టే. నాకు వాడి మీద పీకల దాకా కోపం వచ్చేది, వాడు నా బూట్లు నాకితే పోయేది.

ఒక ఆదివారం వాళ్లు చర్చి నుంచి వచ్చాక నన్ను భోజనానికి పిలిచారు. సునీతక్క పప్పుచారుకు తాలింపు పెట్టింది. చలికి కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. ఎండుమిర్చి ఘాటుకు నేను దగ్గుతుండగానే హాల్లో అలారం మోగింది. ప్రభాకరన్న తాపీగా లేచి, భుజం మీది తువ్వాలు తీసి దాని కింద విసనకర్రలా ఊపాడు. ఊపుతూనే, "ఏం లేదులేరా లడ్డూ, పడుకో. అమ్మ తాలింపు పెడతంది," అన్నాడు. లడ్డు బుద్ధిగా గడ్డం ముందుకాళ్ల మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"అన్నా, రోజూ ఇంతేనా?" అన్నాను.

"రోజూ ఏందమ్మా. తాలింపు పెట్టిన పూటే."

"తాలింపు పెట్టని పూట ఉందా?"

ఆయన కాసేపు ఆలోచించి, "లేదు," అన్నాడు.

దొరికింది! అన్నం కంచం వదిలేసి లేచి నిలబడ్డాను. మా పుస్తకాల్లో దీన్ని హాబిట్యుయేషన్ అంటారు. ఎన్నిసార్లు మోగినా ఏమీ జరగని శబ్దాన్ని మెదడు పట్టించుకోవడం మానేస్తుంది. నాన్నా పులి కథే. వారమంతా నేను నేర్పుతున్నది ఒకటి, తువ్వాలు నేర్పుతున్నది ఇంకొకటి. లడ్డు మొద్దు కాదు, మొండివాడూ కాదు. ఈ ఇంట్లో అలారం అంటే భోజనం సిద్ధమని వాడు చక్కగా నేర్చుకున్నాడు.

విషయం చెప్పగానే సునీతక్క ముఖం వాడిపోయింది. "అయితే తాలింపు మానెయ్యాలా ఏంది?"

"మానొద్దక్కా! ఇంకా ఘాటుగ పెట్టు. తువ్వాలు మాత్రం నాకిచ్చెయ్యండి. రేపటి సంది అలారం మోగితే అది నిజం మంటే. స్టవ్ కట్టేసి ఇంట్లోంచి బయటికి పోవుడే."

"తాలింపుకా?"

"తాలింపుకే!"

ఆ తర్వాత ఆ ఇంట్లో జరిగిన తమాషా తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు. అలారం మోగుతుంది. ప్రభాకరన్న నోరు కుట్టేసుకున్నట్టు కూర్చుంటాడు. మొదట్లో నేనే లడ్డును మెల్లగా ఆమె వైపు నెట్టేదాన్ని. వాడు తడతాడు, నేలకు కరుచుకుంటాడు. వెంటనే అందరం చలిగాలిలో లెటర్‌బాక్స్ దాకా ఉరుకు. అక్కడ లడ్డుకు చికెన్ విందు. పక్కింటి ముసలాయన కంచె మీంచి చూసి, "మీ లంచ్ రెడీ అయినట్టుంది," అనేవాడు. కొన్నాళ్లకు నేను నెట్టనక్కర్లేకపోయింది. ఆవాలు చిటపటలాడితే చాలు, వాడు లేచి కూర్చుని అలారం వైపు చూసేవాడు. ఆ చూపు చూసి నాకు ఈల వేయాలనిపించింది.

పరీక్ష రోజు అసెసర్ వచ్చింది. పొడుగాటి కివీ మనిషి, నవ్వదు. బెల్, ఫోన్, టైమర్ వరసగా అయిపోయాయి. తర్వాత ఆమె సునీతక్కను హియరింగ్ ఎయిడ్స్ తీసేసి, బెడ్‌రూమ్‌లో కళ్లు మూసుకుని పడుకోమంది. కుక్క ఎటు వెళ్లినా ఎవరూ పలకరించకూడదని మాకు గట్టిగా చెప్పింది. తలుపులన్నీ తీసి ఉంచి, హాల్లో అలారం నొక్కింది.

లడ్డు బెడ్‌రూమ్‌లోంచి బయటికి వచ్చాడు. రావలసింది ఇటు కాదు! వచ్చి హాలు మధ్యలో ఆగి, నేరుగా ప్రభాకరన్న ముఖంలోకి చూశాడు. 'ఇది నిజమా, చారా?' అని అడుగుతున్నట్టే ఉంది. ఆయన చేతులు రెండూ ఒళ్లో బిగించుకుని, కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతున్నాడు. ప్రార్థన చేస్తున్నాడని నాకు తెలుసు. లడ్డుకు జవాబు దొరకలేదు.

వాడు గిర్రున తిరిగాడు. ఒక్క దూకు దూకి మంచమెక్కి రెండు కాళ్లూ ఆమె గుండెల మీద వేశాడు. ఆమె ఉలిక్కిపడి లేచి అరచేయి తిప్పింది. వాడు మంచం దిగి నేలకు అతుక్కుపోయాడు. సునీతక్క చెప్పుల్లేకుండానే మా పక్కనుంచి, అసెసర్ పక్కనుంచి దూసుకుంటూ బయటికి వెళ్లిపోయింది, వెనక లడ్డు. అసెసర్ అలారం ఆపి నా వైపు తిరిగింది. అప్పుడు నవ్వింది. ప్రభాకరన్న చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, సిగ్గేముంది.

ఇన్నేళ్ల పనిలో నన్ను మార్చిన కేసు ఇది. కుక్కకు మనం గంటసేపు నేర్పేది పాఠం కాదు. మిగతా రోజంతా మనం బతికే తీరే పాఠం. అందుకే ఇప్పుడు ఎవరింటికి వెళ్లినా ముందు కుక్కను పరీక్షించను. ఒక పూట వాళ్లతో కలిసి భోంచేస్తాను. కొత్తగా చేరిన ట్రైనర్లు ఇది నా తిండియావ అనుకుంటారు. అనుకోనీ.

జాకెట్ నా చేతికి వచ్చిన రోజు ఆగలేక ఫోనైనా చేయకుండా మధ్యాహ్నమే బయల్దేరి వెళ్లాను. ప్రభాకరన్న బస్సు మీద ఉన్నాడు. వరండాలో నిలబడి బెల్ మీద వేలు పెట్టబోతూ పక్క కిటికీలోంచి చూశాను. కర్టెన్ సగమే వేసి ఉంది. సునీతక్క మంచం మీద నోరు కొంచెం తెరుచుకుని, దుప్పటి ఒక కాలి మీంచి జారిపోయి, ఒళ్లు తెలియకుండా నిద్రపోతోంది. హియరింగ్ ఎయిడ్స్ పక్క బల్ల మీద ఉన్నాయి. మంచం పక్కన నేల మీద లడ్డు తలెత్తి, చెవులు నిక్కబొడుచుకుని నన్నే చూస్తున్నాడు.

నేను బెల్ నొక్కితే వాడు ఆమెను లేపేస్తాడు. తప్పకుండా లేపుతాడు. వేలు వెనక్కి తీసుకుని, జాకెట్ తలుపు పిడికి తగిలించి, చప్పుడు చేయకుండా మెట్లు దిగి వచ్చేశాను.