రిజిస్టర్‌లో లేని పేరు

కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సెక్కాక, పక్క సీటాయన సంచిలోంచి ఒక పాత పుస్తకం తీసి తెరిచాడు. తొలి పేజీలో మా తాతగారు ఎల్లారెడ్డిలో పెట్టిన గ్రంథాలయం ముద్ర కనిపించింది. ఆయన దానమిచ్చిన ఇంట్లోనే అది ఇప్పటికీ నడుస్తోంది. భూములన్నీ పోయాక మా వంశానికి మిగిలిన గౌరవం అదొక్కటే. సంచి నిండా అవే పుస్తకాలు. దొంగసొత్తేనని నిశ్చయించుకున్నాను.

"ఇవి మీకెక్కడివి?" అని అడిగాను.

"పాత సామాన్ల దుకాణంల కొన్న బాపు. వాపసియ్య వోతున్న."

"సొంత డబ్బు పెట్టి కొని వాపసు ఇస్తారా?"

"చిన్నప్పుడు గా లైబ్రరీలనే చదువుకున్న."

నేను నమ్మలేదు. "ఎవరు తీసుకెళ్లారో రిజిస్టర్ చూస్తే తేలుతుంది" అన్నాను.

ఆయన నవ్వాడు. "పోయినసారి కొన్ని వాపసియ్య వోయినప్పుడే లైబ్రరోళ్లు చూసిన్రు. ఎవ్వరి పేరు లేదు. లైబ్రరీ పెట్టిన పెద్దింటోళ్లను సంతకం అడుగుతరా ఎవరన్న? ఆళ్లుండే ఇల్లు అమ్మినప్పుడు గా ఇంటోళ్లే వీటిని తూకానికి ఏసిన్రంట."

ఆ ఇల్లు అమ్మింది నేనే. మన పుస్తకాలే కదా అని మా ఇంట్లో ఎవరూ ఏనాడూ సంతకం పెట్టలేదు. తూకం వేయించిన రోజు నేను ఒక్క పుస్తకమైనా తెరిచి చూడలేదు.

"మీదేవూరు బాపు?" అన్నాడాయన.

"లింగంపేట" అన్నాను.

బస్సు లింగంపేటలో ఆగింది. ఆయన మోకాళ్లు పక్కకు జరిపి దారి ఇచ్చాడు. టికెట్టు ఎల్లారెడ్డి దాకా ఉన్నా, దిగక తప్పలేదు.