మెట్టెలు తీయమన్న పరీక్ష

ఆ అత్తాకోడళ్ల పేర్లు నాకు తెలియవు. జహీరాబాద్‌లో సంగారెడ్డి బస్సెక్కేసరికి నా పక్క వరుసలో కూర్చుని వాదులాడుకుంటున్నారు. కోడలు కేంద్రం పెట్టే నర్సు ఉద్యోగాల పరీక్షకు పోతోంది. ఒంటిమీద లోహపు వస్తువేదీ ఉండకూడదని నిబంధన. ముక్కుపుడక తీసేసింది గానీ, మెట్టెలు మాత్రం అత్త తీయనివ్వడం లేదు.

"నా కొడుకు బతికుండంగ ఉత్త కాళ్లతోని ఎట్ల పోతవే?"

"గేటుకాడ ఆపుతరు అత్తమ్మా. ఈయేడు దాటితే నా వయసు అయిపోతది. మళ్ల రాయనియ్యరు."

ఎవరూ అడగకపోయినా నేను కల్పించుకున్నాను. "పెద్దామె చెప్పింది నిజమే బిడ్డా. జర బతిమాలితే లోపలికి పంపుతరు."

కోడలు నావైపు తిరిగింది. "మీకు బిడ్డలున్నరా సార్?"

"ఒక్క బిడ్డ. బ్యాంకుల కొలువు."

"పరీక్షకు మెట్టెలతోనే పోయిందా?"

అబద్ధం చెప్పబోయాను. అత్త కూడా నా ముఖంలోకే చూస్తోంది.

"లేదమ్మా. నేనే తీయించి జేబుల ఏసుకున్న."

"మీ బిడ్డకైతే గట్ల, మా పిల్లకైతే గిట్లనా?" అంది అత్త.

ఆమె కోడలి పాదాన్ని ఒళ్లోకి లాక్కుంది. పెళ్లినాటి మెట్టె బిగుసుకుపోయి రాలేదు. తన జుట్టుకున్న నూనెను వేళ్లకు అద్దుకుని కోడలి కాలివేలికి రాస్తూ, మెల్లగా తిప్పసాగింది. రెండో మెట్టె ఊడేసరికి సంగారెడ్డి వచ్చింది. మెట్టెలను కొంగున ముడేసుకుని, కోడలి చెయ్యి పట్టుకుని జనాన్ని తోసుకుంటూ దిగింది.

నేను దిగాల్సిందీ అక్కడే. వాళ్లు కనుమరుగయ్యేదాకా సీట్లోంచి లేవలేకపోయాను.